వేపచెట్టు వ్యాజ్యెము

పెరటిచెట్టు మందునకు రాదని మనవారి సామెత. ఈ మాట పలికిన పెద్దలు మనుష్యస్వభావమును నిందించుటకు పలికిరే గాని చెట్టును నిందించుటకు గాదు. మనమో, దానిని ధర్మసూత్రముగా నంగీకరించి రెండు మూడు తరములుగా ఆచరించుచున్నాము. ఉగాదినాటి ఉదయమున పచ్చడిలో చిటికెడు పువ్వు, అమ్మవారు పోసిన యింటి గుమ్మమునకు నాలుగు మండలు. ఇంతటితో వేపచెట్టుతో మన సంబంధము తీరినది. తక్కిన దినములన్నిటను అది ఆకురాల్చి వాకిలి పాడుచేయు చెట్టు. విద్యుత్తు తీగెల కడ్డమగు చెట్టు. ఇల్లు పెంచుకొనుటకు కొట్టివేయవలసిన చెట్టు. అట్టి చెట్టు గింజలపై సముద్రముల కావలివారు హక్కు వ్రాయించుకొనిరని విన్ననాడు మాత్రము మన రక్తము పొంగినది. పొంగవలసినదే. కాని, పాలు పొంగిన తరువాత గిన్నెలో నేమి మిగిలినదో ఇల్లాలు చూచుకొనునట్లు మన మెన్నడైనను లోనికి తొంగిచూచితిమా?

ముందుగా వ్యాజ్యెము సంగతి ఉన్నదున్నట్లు చెప్పుట మా వృత్తిధర్మము. వేపచెట్టునే అమెరికావారు పేటెంటు చేసికొనిరని సభావేదికలపై నేటికిని వినవచ్చుచున్నది. అది నిజము గాదు. చెట్టుపై నెవ్వరికిని పేటెంటు లభింపలేదు. అమెరికా సంయుక్తరాష్ట్రముల వ్యవసాయశాఖయు, డబ్ల్యు. ఆర్. గ్రేస్ అను కంపెనీయు కలిసి, వేపగింజల నుండి ఒకానొక విధమున తీసిన నూనెను మొక్కలపై జల్లి బూజుతెగుళ్ల నరికట్టు పద్ధతి తమ నూతన కల్పన యని చెప్పి, 1990లో ఐరోపా పేటెంటు కార్యాలయమున దరఖాస్తు పెట్టుకొనిరి. 1994లో ఆ కార్యాలయము వారికి హక్కు నిచ్చినది. జరిగినది ఇంతియే. ఇంతియే గదా యని తేలికగా దీయరాదు. ఆ హక్కు నిలిచియున్నచో, ఆ పద్ధతిని ఐరోపాలో వాడదలచిన ప్రతివాడును వారి అనుమతికై చేయి చాచవలసి వచ్చెడిది. మన రైతు ముత్తాతకు తెలిసిన విద్యకు పరదేశమున మఱియొకడు యజమాని యయ్యెడివాడు.

1995లో మూడు పక్షములవారు ఈ హక్కునకు ఎదురునిలిచిరి. మన దేశమునుండి వందనా శివ. బెల్జియము దేశీయురాలు, ఐరోపా పార్లమెంటు సభ్యురాలు మాగ్డా ఆల్వోట్. సేంద్రియ వ్యవసాయోద్యమముల అంతర్జాతీయ సమాఖ్య. ఈ పోరాటమున పరదేశీయులు మనతో చేయి కలిపిరన్న సంగతి మనము మఱువరాదు. ద్వేషము ఆ దేశములవారిపై గాదు, ఆ యన్యాయముపైననే. విచారణ జర్మనీలోని మ్యూనిచ్ నగరమున జరిగినది. 2000 సంవత్సరము మే 10వ తేదీన ఆ పేటెంటు రద్దయినది. హక్కుదారు అప్పీలు చేసికొనెను. 2005 మార్చి 8వ తేదీన అప్పీలును కొట్టివేయబడినది. మొదటి ఆక్షేపణకును తుది తీర్పునకును నడుమ పది సంవత్సరములు గడచినవి.

ఈ విజయమును మనవారు పండుగగా జరుపుకొనిరి. సంతోషమే. కాని, విజయము దేనివలన గలిగినది? వేదకాలమునుండి వేప మాదియని మన మార్చిన యార్పులవలననా? కాదు. ఆ దరఖాస్తునకు పూర్వమే అట్టి వేపనూనెను తయారుచేసి మహారాష్ట్రపు పొలములలో ప్రయోగించితిమని, మన దేశపు వ్యాపారరంగమునకు చెందిన యొక పెద్దమనిషి సాక్ష్యమిచ్చి, అడ్డుప్రశ్నలకు నిలిచెను. న్యాయాధికారులు చూచినది మన ప్రాచీనతను గాదు, ఆ సాక్ష్యమును. విన్నది మన యాక్రోశమును గాదు, ఎవరు, ఎప్పుడు, ఎచ్చట, ఏ రీతిని వాడిరన్న వివరమును. క్రొత్తదనము లేనిచోట పేటెంటు నిలువదు. క్రొత్తదనము లేదని చూపవలసిన భారము ఆక్షేపించిన వానిది.

మేము ఇరువది యేండ్లుగా కోర్టులలో చూచుచున్నదియు నిదియే. తాత దున్నెను, తండ్రి దున్నెను, తాను దున్నుచున్నాడు, ఊరంతయు నెఱుగును. కాగితము మాత్రము ఎదుటివాని చేతిలో నున్నది. కక్షిదారు మా యెదుట నిలిచి, 'ఊరిని అడుగుడు, బాబూ!' అని కన్నీరు పెట్టుకొనును. ఊరు కోర్టుకు రాదు, కాగితము వచ్చును. జాతివిషయమునను ఇదియే వరుస.

ఐనచో మనయొద్ద కాగితములు లేవా? కొల్లలుగా గలవు. చరకసంహితలో దురదను పోగొట్టు ద్రవ్యముల గణమున నింబము చేరియున్నది. వేప, చేదుపొట్ల, వాకుడు, తిప్పతీగ, అడ్డసరము అను అయిదింటిని పంచతిక్తములని మన వైద్యులు వాడుచునే యున్నారు. సిద్ధవైద్యులును యునానీ హకీములును ఈ చెట్టును తమదిగానే యెంచిరి. ఇక గ్రంథముల కెక్కనిది ఇంతకు పదింతలు. వేపపుల్ల నమలి పండ్లు తోముకొనుట, ఆకు కాచిన నీట బాలింతకు స్నానము, గజ్జికి ఆకుముద్ద, తలలో పేలకును పశువుల పుండ్లకును నూనె, జ్వరమునకు పట్ట కషాయము, ధాన్యమునకు పురుగు పట్టకుండ గాదెలో ఎండుటాకు, నూనె తీసిన తరువాత పిండి పొలమునకు. ఒక్క చెట్టు ఇంటికి వైద్యుడై, కొట్టమునకు పశువైద్యుడై, చేనికి కావలివాడై నిలిచినది.

ఆధునిక శాస్త్రజ్ఞులును మనలో లేకపోలేదు. హకీం అజ్మల్ ఖాన్ ప్రోత్సాహమున ఢిల్లీ తిబ్బియా కళాశాలలో దేశీయ మూలికల పరిశోధన నారంభించిన సలీముజ్జమాన్ సిద్దికీ, 1942లో వేపనూనె నుండి నింబిన్ మొదలగు చేదు పదార్థములను వేఱుచేసెను. 1962లో ఢిల్లీ భారత వ్యవసాయ పరిశోధనాలయమువారు వేపగింజల పప్పు కలిపిన నీటిని పైరులపై చల్లగా, మిడుతలు ఆ పైరు ముట్టలేదని వ్రాసి ప్రకటించిరి. వేపలోని ప్రధాన కీటకనాశకమగు అజాడిరాక్టిన్‌ను 1968లో ఇంగ్లండున వేఱుచేసిరి. అది పురుగునకు ఆహారముపై రోత పుట్టించును; పురుగు కుబుసము విడుచుటకు వలసిన లోపలి రసముల నడకను చెఱచును. దానిని ప్రయోగశాలలో మొదటినుండి నిర్మించుటకు కేంబ్రిడ్జి పండితులకు 22 సంవత్సరములు పట్టినది; 2007లో గాని కొనసాగలేదు. అంతటి పదార్థమును మన వీధివేప వేసవి వేసవికి గింజలో నింపి, అడుగకయే నేలపై రాల్చుచున్నది. మనము దానిని ఊడ్చి చెత్తకుప్పలో వేయుచున్నాము. 1971 మొదలు ఆ గింజను తన దేశమునకు తెప్పించుకొని పరీక్షలు చేయించి, 1985లో అమ్మకమునకు అనుమతి పొందిన అమెరికా వర్తకుడొకడు గలడు. 1988లో ఆ హక్కులను అతడు పైని చెప్పిన కంపెనీకి విక్రయించెను. వాని శ్రద్ధను చూచి అసూయపడుటకన్న మన యశ్రద్ధను చూచి సిగ్గుపడుట మేలు గాదా?

ఇచ్చట మనలోని యొక వర్గమువారితో నిష్ఠురమాడక తప్పదు. వేపను మందునకు రాదని త్రోసివేయువారొక వంక నుండగా, వేప మందు గాని రోగమే లేదని చాటువారు వేఱొక వంక బయలుదేరిరి. వేపరసము త్రాగినచో మధుమేహము మటుమాయ మగునట! పుట్టకురుపు కరిగిపోవునట! 2020లో కోవిడ్ మహమ్మారి వచ్చినప్పుడు గుమ్మమునకు మండలు కట్టిన చాలునని నమ్మినవారును గలరు. గాజుగొట్టములో నొక క్రిమి చచ్చినదన్న వార్తను, మనుష్యదేహమున రోగము కుదిరినదన్న వార్తగా మార్చి అమ్ముకొనువారు దేశభక్తులు గారు. దేశభక్తి పేరు చెప్పుకొను బేహారులు.

మశూచిని తలచుకొందము. అమ్మవారు పోసిన బిడ్డను వేపాకుపై పరుండబెట్టుట, మండతో మెల్లగా విసరుట మన తల్లుల కరుణ. దురదకు ఉపశమనము, చూడవచ్చువారికి గుమ్మమున హెచ్చరిక. ఇవి రెండును మంచివే. కాని మశూచిని భూమిమీద లేకుండ జేసినది వేప గాదు, టీకా. 1980లో ప్రపంచారోగ్యసంస్థ ఆ రోగము నిర్మూలమైనదని ప్రకటించినది. ఈ సత్యమును చెప్పినంత మాత్రమున వేపకు గౌరవము తగ్గదు. చెప్పకున్నచో మన మాటకు తగ్గును.

ఇంతకన్న కఠినమైన సత్యము మఱొకటి. 1981లో మలేషియాలోని వైద్యులు ఒక ప్రసిద్ధ వైద్యపత్రికలో పసిపిల్లల సంగతి యొకటి ప్రకటించిరి. అచ్చటి భారతీయ కుటుంబములవారు జలుబు మొదలగు చిన్న నలతలకు వాడుకచొప్పున బిడ్డలకు వేపనూనె లోపలికి పోయగా, వాంతులు, మగత, మూర్ఛలు గలిగి కాలేయమును మెదడును దెబ్బతినినవి. ఆ నూనె పోసినవారు శత్రువులు గారు. ప్రేమగల తల్లులు, అవ్వలు. వారి జ్ఞానమున సగము వారికి చేరినది. ఎంత, ఎవరికి, పైకా లోనికా అను తక్కిన సగము దారిలో జారిపోయినది. పసిబిడ్డలకును గర్భిణులకును వేపనూనెను లోనికి పోయరాదని చెప్పుట వైద్యద్రోహము గాదు, అదియే వైద్యము. వ్రాతలో లేని విద్య పేటెంటుదారు చేతిలో నోడుటయే గాదు, ఒక్కొక్కప్పుడు మన యొడిలోని బిడ్డనే బలిగొనును. ఈ రెండు నష్టములకును మూల మొక్కటియే.

ఇక శాసనముల సంగతి. 2013 మార్చి 16వ తేదీ వరకు అమెరికా పేటెంటు శాసనమున నొక చమత్కారముండెడిది. ఒక విద్య ఆ దేశమున తెలిసియున్నను, వాడుకలో నున్నను క్రొత్తది గాదు. పరదేశమున నైనచో అచ్చులో నుండవలెను, లేదా పేటెంటు పొంది యుండవలెను. అనగా కోటిమంది హిందూదేశపు రైతులు చేతితో చేయుచున్న పని వారి దృష్టిలో లేనట్లే! 1995లో అచ్చట పసుపునకు గాయము మాన్పు గుణమున్నదని పొందిన పేటెంటు 1997లో రద్దయినది. మన శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలివారు ప్రాచీన గ్రంథములను, 1953లో భారతీయ వైద్యసంఘ పత్రికలో అచ్చైన వ్యాసమును ముందు బెట్టుటచేతనే అది రద్దయినది. గెలిచినది పసుపు గాదు, అచ్చు.

ఈ దెబ్బలతో మన ప్రభుత్వమువారు మేల్కొనిరి. 2001లో సంప్రదాయ విజ్ఞాన సంచయమును ఆరంభించి, నాలుగు లక్షలకు పైబడిన యోగములను ప్రాచీన గ్రంథముల నుండి తీసి, ఇంగ్లీషు, జర్మను, ఫ్రెంచి, స్పానిషు, జపాను భాషలలో పేటెంటు పరీక్షకుల కందజేసిరి. 2002లో జీవవైవిధ్య శాసనము వచ్చినది. ఆ యేటనే పేటెంటు శాసనమును సవరించి, సంప్రదాయ విజ్ఞానమే యగు దానికి మన దేశమున పేటెంటు లేదనిరి. ఈ పనులను మేము హృదయపూర్వకముగా మెచ్చుచున్నాము. మెచ్చి, యడుగుచున్నాము: గ్రంథములో నున్నదానికి రక్షణ దొరికినది, మన్యములో కోయ వైద్యుని నోటనున్న దానికి? నల్లమలలో చెంచు ముసలమ్మ వ్రేళ్లకొనల నున్న దానికి?

2023లో జీవవైవిధ్య శాసనమును సవరించిరి. గ్రంథస్థమైన సంప్రదాయ విజ్ఞానమును వాడుకొనువారికి, ఫలమును పంచుకొనవలసిన విధినుండి మినహాయింపు లభించినది. ఎంత విచిత్రము! ఏది పుస్తకములో నున్నదో దానికి కంపెనీ వెల చెల్లింపనక్కరలేదు. ఏది పుస్తకములో లేదో దానికి ఋజువు లేదు. అటు చూచినను ఇటు చూచినను ముసలమ్మ చేయి రిక్తమే. ఊరి వైద్యుని లెక్కలచిక్కుల నుండి తప్పించుట న్యాయమే; ఆ నీడలో కోట్ల వర్తకము చేయువారిని నిలబెట్టుట న్యాయము గాదు.

ఐనను ఆ శాసనముననే మన చేతికొక యాయుధము గలదు. ప్రతి గ్రామపంచాయతీయందును, పురపాలకమునందును జీవవైవిధ్య యాజమాన్య సంఘముండవలెననియు, అది ప్రజలతో సంప్రదించి ప్రజా జీవవైవిధ్య పట్టికను వ్రాయవలెననియు విధింపబడినది. పాఠకులారా! మీ యూరి పట్టికను మీరు చూచితిరా? దానిలో మీ యూరి మంత్రసాని చెప్పినదేమైన నున్నదా, లేక ప్రక్కయూరి పట్టికకు నకలా? ఈ ప్రశ్నకు సమాధానము ఢిల్లీలో లేదు, మ్యూనిచ్‌లో లేదు; మీ పంచాయతీ బీరువాలో నున్నది. తీయించి చూడుడు.

కొందఱు మిత్రులు అడ్డుపలుకుదురు: వ్రాసిపెట్టినచో దొంగకు దారి చూపినట్లు గాదా? ఆలోచింపదగిన ప్రశ్నయే. కాని వ్రాయనంత మాత్రమున దొంగ ఆగునా? వాడు ఊరికి వచ్చి, ముసలమ్మకు రెండు మంచిమాటలు చెప్పి, తెలిసికొని పోవును. పోయి వ్రాసికొనును. అప్పుడు వ్రాత వానిది, నోరు మనది. తేదీతో, చెప్పినవారి పేరుతో, వారి సమ్మతితో వ్రాసిన పట్టిక దొంగకు దారి గాదు, దొంగను పట్టించు గుర్తు. గోప్యముగా నుంచవలసినదానిని గోప్యముగా నుంచుటకు ఆ సంఘమునకు బాధ్యత యుండవలెను. ఉండునట్లు మన మడుగవలెను.

విద్య కాగితమునకే పరిమితమైనచో ఫలము లేదు, చేనికి చేరవలెను. అప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామస్థులు, ప్రత్తి పురుగుమందుల అప్పులలో మునిగి, 2000 తరువాతి యేండ్లలో ఆ మందులను మానివేసి వేపగింజల కషాయము మొదలగు వానితోనే సేద్యము చేసి చూపిరి. ఇందు రహస్య మేమియు లేదు. అయిదు కిలోల వేపగింజల పప్పును దంచి, మూటగట్టి, రాత్రంతయు పదిలీటర్ల నీట నానవైచి, పిండి వడగట్టి, కొంచెము సబ్బు కలిపి, నూరు లీటర్లు చేసి చల్లుట. ఎండకు దాని సత్తువ త్వరగా నశించును గావున సాయంకాలము చల్లవలెను. దీనికి పరదేశపు డబ్బా వలదు, అప్పుపత్రము వలదు. గింజలేరుటకు చేతులు వలయును, చెట్లు వలయును.

చెట్లు! ఇచ్చటనే మా మనస్సు కలత చెందుచున్నది. 2021లో తెలంగాణములోను ఆంధ్రదేశములోను వేపచెట్లు కొమ్మల చివళ్లనుండి మాడి, నిలువున ఎండినట్లు కనబడినవి. అది ఫోమోప్సిస్ అను శిలీంధ్రమువలన కలుగు తెగులని శాస్త్రజ్ఞులు తేల్చిరి. తేయాకు దోమ కొట్టిన గాట్లు దానికి దారి యిచ్చినవనిరి. బూజుతెగుళ్ల నరికట్టు పద్ధతిపై పదియేండ్లు వ్యాజ్యెము నడిపిన చెట్టునకే బూజుతెగులు! ఆ చెట్లలో పెక్కు మరల చిగిర్చినవి; వేప ప్రాణము గట్టిది. కాని ఆ చెట్లు మాడుచుండగా, మ్యూనిచ్ తీర్పునకు మిఠాయి పంచిన మనలో నెందఱు తలయెత్తి చూచితిమి? ఎందఱము ఎండిన కొమ్మ నఱికించి, దగ్ధము చేయించి, మొదట నీరు పోసితిమి? ఇదియే తరుణమని గొడ్డలి తెచ్చినవారిని మేము కన్నులార చూచితిమి. హక్కునకై పోరినవాడు రక్షణకై పోరకున్నచో, ఆ పోరు కేవలము జగడము.

కావున మా మనవి మూడు మాటలు. ప్రభుత్వమువారు నోటివిద్యకును గ్రంథవిద్యతో సమానమైన రక్షణ కల్పించి, పెద్దవర్తకము చేయువారికి 2023లో నిచ్చిన మినహాయింపును ఉపసంహరింపవలెను. వైద్యవిద్యాలయములవారు వేపను పూజింపక, తృణీకరింపక, పరీక్షింపవలెను. ఏ రోగమునకు పనికివచ్చునో ఎంత గట్టిగా చెప్పుదురో, ఏ రోగమునకు పనికిరాదో అంత గట్టిగాను చెప్పవలెను. మూడవది మీకు, పఠనమందిరములలో ఈ పుటను చదువు సోదరులకు. మీ గ్రంథాలయమున నొక చేవ్రాత పుస్తకము తెరువుడు. వారమున కొక్క సాయంకాలము ఊరి పెద్దతల్లులయొద్దకు, పశువైద్యులయొద్దకు పొండు. ఆకా, పట్టయా, నూనెయా, పైకా, లోనికా, ఎంత, ఎన్నాళ్లు, ఎవరికి కూడదు, ఎవరు చెప్పిరి, ఏనాడు: ఇన్నియు వ్రాయుడు. వారు చదివి వినిపించుకొని, వ్రేలిముద్రయైనను వేయుదురు గాక.

ఈ చెట్టునకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు అజాడిరాక్టా ఇండికా. ఆ పేరునకు మూలము పారసీకమున 'ఆజాద్ దరఖ్త్', అనగా స్వతంత్ర వృక్షము. పేరులోనే స్వాతంత్ర్యమును ధరించిన చెట్టు మన వాకిట నిలిచి, వేయి కొమ్మలతో నీడ నిచ్చుచున్నది. అన్యులు దానికి సంకెల వేయబోగా పది యేండ్లకు విడిపించుకొంటిమి. మన మఱపు వేసిన సంకెలను విడిపించుటకు మాత్రము ఏ అప్పీలు కోర్టును లేదు. అచ్చట వాదియు మనమే, ప్రతివాదియు మనమే. సాక్షి ముసలిదై, మన పలుకరింపునకై అరుగుమీద కూర్చున్నది. ఆమె యున్నప్పుడే పొండు.